విల్‌పవర్ లేదని తిట్టకండి, గమ్ ఎలా నమలాలో చెప్పండి

సిగరెట్ మానేద్దామనుకుంటున్నానని ఎవరైనా నోరు తెరిస్తే చాలు, చుట్టూ ఉన్నవాళ్లు అందుకునే మాట ఒక్కటే. "మనసు గట్టిగా ఉండాలి. గట్టిగా అనుకుంటే ఎందుకు మానలేవు?" ఈ మాట చేసే చెడు ఇంతా అంతా కాదు. మందు లేకుండా, సాయం లేకుండా, కేవలం పట్టుదలతో ఒక్కసారిగా మానేసినవాళ్లలో ఆరు నెలల నుంచి ఏడాది దాకా నిలబడేది నూటికి ముగ్గురో అయిదుగురో. మరి మిగతా 95 మందికీ మనసు గట్టిది కాదా? వాళ్లలో అప్పులు తీర్చినవాళ్లున్నారు, రోగులకు రాత్రింబవళ్లు సేవ చేసినవాళ్లున్నారు. మనసు సరిపోక కాదు, పద్ధతి ఎవరూ చెప్పక వాళ్లు ఓడిపోతున్నారు. ఓడిపోయాక మళ్లీ ఆ మాటే విని, "ఇక నా వల్ల కాదు" అని ఏళ్ల తరబడి ప్రయత్నమే మానేస్తున్నారు. నాకు కోపమొచ్చేది అక్కడే.

అసలు ఏం జరుగుతోందో చూడండి. దమ్ము లాగిన 10 నుంచి 20 సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. రోజుకు 15 సిగరెట్లు, ఒక్కోదానికి పది దమ్ములు వేసుకున్నా రోజుకు 150 సార్లు. ఏడాదికి యాభై వేలు దాటుతుంది. మనిషి జీవితంలో ఇంకే పనికీ ఇన్నిసార్లు, ఇంత వేగంగా బహుమానం అందదు. అలా అందుతున్నకొద్దీ మెదడులో నికోటిన్‌ని పట్టుకునే గ్రాహకాల సంఖ్య పెరుగుతుంది. మానేశాక అవి మామూలు స్థాయికి దిగడానికి వారాలు పడుతుంది. ఇటు రక్తంలో నికోటిన్ చూస్తే సుమారు 2 గంటలకోసారి సగమైపోతుంది. 8 గంటలు నిద్రపోతే పదహారో వంతే మిగులుతుంది. పొద్దున కళ్లు పూర్తిగా తెరవకముందే చెయ్యి ప్యాకెట్ కోసం తడుముకునేది అందుకే. దాన్ని బలహీనత అనడం అన్యాయం.

మానేసిన కొన్ని గంటల్లోనే బాధ మొదలవుతుంది. రెండో రోజు, మూడో రోజు తారస్థాయికి పోతుంది. అక్కడినుంచి మెల్లగా దిగుతూ మూడు నాలుగు వారాల్లో చాలావరకు సద్దుమణుగుతుంది. చిరాకు, ఆందోళన, దిగులు, ఏ పని మీదా దృష్టి నిలవకపోవడం, కాలు గాలిన పిల్లిలా తిరగడం, నిద్ర చెడడం, ఆకలి. వీటన్నిటిలో ఆలస్యంగా తగ్గేది ఆకలే. ఈ వరసంతా ముందే తెలిసినవాడు మూడో రోజు "రేపటినుంచి దిగుతుంది" అనుకుంటాడు. తెలియనివాడు "మూడు రోజులకే ఇలా ఉంటే జన్మంతా ఎలా?" అనుకుని ప్యాకెట్ కొనేస్తాడు.

"రోజుకొకటి తగ్గించుకుంటూ పో" అనే సలహా కూడా అందరూ ఇస్తారు. తగ్గించినవాళ్లు ఏం చేస్తారంటే, మిగిలిన సిగరెట్లని ఇంకా లోతుగా, ఇంకా చివరిదాకా లాగుతారు. నికోటిన్ లెక్క పెద్దగా తగ్గదు. పైగా పొద్దున్నుంచీ ఎదురుచూసి కాల్చిన ఆ ఒక్కటీ మునుపటికంటే తియ్యగా తోస్తుంది. 2016లో వచ్చిన ఒక బ్రిటన్ పరిశోధనలో రెండు జట్లకూ నికోటిన్ మందులూ (పొగ లేకుండా నికోటిన్ అందించేవి) కౌన్సెలింగూ ఇచ్చారు. నాలుగు వారాలకు చూస్తే, ఒకేసారి మానేసిన జట్టులో 49 శాతం, రెండు వారాలపాటు తగ్గించుకుంటూ వచ్చిన జట్టులో 39 శాతం నిలబడ్డారు. అసలు ప్రయత్నించకపోవడం కంటే తగ్గించడం మేలే. కానీ ఎంచుకోగలిగితే వారం పది రోజుల్లో ఒక తేదీ పెట్టుకుని, ఆ రోజు పూర్తిగా ఆపేయండి.

ఆ వారంలో చేయాల్సిన పని ఒకటుంది. ఒక చిన్న కాగితం ప్యాకెట్‌కి చుట్టి రబ్బరు బ్యాండ్ వేయండి. ప్రతి సిగరెట్‌కీ ముందు, అంటించాక కాదు, టైము, చోటు, పక్కన ఎవరున్నారు, ఎంత తప్పనిసరి అనిపించింది (1 నుంచి 3 దాకా) రాయండి. నాలుగు రోజులకే మీ పటం మీ చేతికొస్తుంది. లేవగానే ఒకటి, కాఫీతో ఒకటి, తిన్నాక ఒకటి, ఫోన్ మాట్లాడుతూ రెండు, బాస్‌తో మాటయ్యాక ఒకటి. 3 వేసినవాటికి ముందే ప్రత్యామ్నాయం రాసిపెట్టుకోవాలి. లేవగానే కాల్చే అలవాటుంటే లేవగానే నేరుగా స్నానానికి. తిన్నాక అయితే చెయ్యి కడుక్కుని, పళ్లు తోముకుని, కూర్చోకుండా నడకకి. ముందురోజు రాత్రి ప్యాకెట్లు, లైటర్లు, యాష్‌ట్రే అన్నీ పోవాలి. చొక్కా జేబులు, బండి డిక్కీ, కారు డ్యాష్‌బోర్డు, ఆఫీసు సొరుగు కూడా వెతకండి. "అవసరానికి ఒకటి ఉంచుకుందాం" అని దాచిన సిగరెట్ ఎప్పుడూ కాల్చడానికే మిగులుతుంది.

ఇక నికోటిన్ గమ్ సంగతి. "వాడాను, పనిచేయలేదు, గొంతు మండింది" అనేవాళ్లలో చాలామంది దాన్ని బబుల్‌గమ్‌లా నమిలేసినవాళ్లే. ఈ నికోటిన్ ఎక్కాల్సింది నోటి లోపలి పొర గుండా. చకచకా నమిలితే అంతా లాలాజలంలోకి దిగుతుంది, మింగేస్తాం, కడుపులోకి పోతుంది. అక్కడినుంచి కాలేయానికి వెళ్లి చాలా భాగం విరిగిపోతుంది. మెదడుకు అందేది కొంచెమే. మనకు మిగిలేది ఎక్కిళ్లు, గొంతు మంట, కడుపులో తిప్పడం.

ఇలా చేయండి. నెమ్మదిగా నమలండి. పది పదిహేను సార్లు నమిలేసరికి మిరియం గింజ కొరికినట్టు నాలుక చురుక్కుమంటుంది. అక్కడ ఆపేయాలి. గమ్‌ని బుగ్గకీ చిగురుకీ మధ్య ఇరికించి వదిలేయండి. ఒక నిమిషానికి ఆ చురుకు చల్లారుతుంది. మళ్లీ నాలుగైదు సార్లు నమలండి, చురుక్కుమనగానే ఈసారి రెండో బుగ్గలోకి. అరగంట ఇలా సాగాలి. నమిలినా చురుకు రావడం లేదంటే అందులో ఏమీ మిగల్లేదని అర్థం, ఉమ్మేయండి. వేసుకునే ముందు 15 నిమిషాలు, నోట్లో ఉన్నంతసేపు కాఫీ, పళ్లరసం, సోడా తాగకూడదు. నోరు పులుపెక్కితే నికోటిన్ పొర దాటదు. గమ్ ఎంత వేసుకున్నా దండగే.

మోతాదులో కూడా పిసినారితనం చేస్తారు. లేచిన అరగంటలోపు మొదటి సిగరెట్ కాల్చేవాళ్లకి 4 మి.గ్రా. గమ్, ఆ తర్వాత కాల్చేవాళ్లకి 2 మి.గ్రా. మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, తర్వాత మూడు వారాలు 2 నుంచి 4 గంటలకొకటి, ఆఖరి మూడు వారాలు 4 నుంచి 8 గంటలకొకటి. రోజుకు 24 దాటకూడదు. రోజుకు మూడు నమిలి, రెండు వారాలకే ఆపేసి, పనిచేయలేదంటే తప్పు మందుది కాదు, చెప్పనివాళ్లది. ఇంకో ముఖ్యమైన సంగతి: సిగరెట్‌లా గమ్ సెకన్లలో ఎక్కదు, పూర్తిగా అందడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. యావ పుట్టాక వేసుకుంటే అది వచ్చేలోపు మీరు అంటించేస్తారు. గడియారం చూసి వేసుకోవాలి, ప్రాణం లాగినప్పుడు కాదు. కట్టుడు పళ్లున్నవాళ్లకి గమ్ బదులు చప్పరించే బిళ్లలు మేలు.

రోజుకు 10కి మించి కాల్చేవాళ్లు గమ్ ఒక్కదానితో సరిపెట్టుకోకుండా ప్యాచ్ (చర్మం మీద అంటించుకునే నికోటిన్ పట్టీ) కూడా వాడాలని నా గట్టి అభిప్రాయం. రెండూ కలిపితే ఏ ఒక్కదానికంటే మెరుగని పరిశోధనలు పదేపదే తేల్చాయి. ప్యాచ్ రోజంతా అడుగున సన్నగా నికోటిన్ అందిస్తుంది, మధ్యలో యావ ఎగసే వేళలకి ముందే గమ్. మామూలు లెక్క 21 మి.గ్రా. ఆరు వారాలు, 14 మి.గ్రా. రెండు వారాలు, 7 మి.గ్రా. రెండు వారాలు. పది లేక అంతకు తక్కువ కాల్చేవాళ్లు 14తో మొదలుపెడతారు. వెంట్రుకలు లేనిచోట, నూనె, క్రీమ్ లేని పొడి చర్మం మీద అంటించి, అరచేత్తో పది సెకన్లు అదిమిపట్టండి. రోజూ చోటు మార్చండి, వాడిన చోటుకి వారం దాకా మళ్లీ పోవద్దు. రాత్రి విపరీతమైన కలలొస్తుంటే పడుకునే ముందు పీకేయండి. అప్పుడు పొద్దున కొత్త ప్యాచ్ ఎక్కడానికి కొన్ని గంటలు పడుతుంది గనక లేవగానే ఒక గమ్ తప్పనిసరి.

"ఒక నికోటిన్ మాన్పించి ఇంకో నికోటిన్ ఎక్కించడమేగా?" అని వాదించేవాళ్లకి ఒక్క మాట. క్యాన్సర్ తెచ్చేది పొగ. అందులో వేల రసాయనాలు, కార్బన్ మోనాక్సైడ్ ఉన్నాయి. నికోటిన్ మనిషిని కట్టిపడేస్తుంది, పొగ చంపుతుంది. ప్యాచ్‌లో పొగ లేదు. గర్భిణులు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లు డాక్టర్ని అడిగే వాడాలి. ఇవి చాలనివాళ్లకి వారెనిక్లిన్, బ్యుప్రోపియాన్ మాత్రలున్నాయి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ రెంటినీ అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఇవి డాక్టర్ రాసిస్తేనే వాడాలి, మానే తేదీకి వారం రెండు వారాల ముందే మొదలుపెట్టాలి. వారెనిక్లిన్ కడుపులో తిప్పుతుంది, భోజనం చేశాక నిండు గ్లాసు నీళ్లతో వేసుకుంటే చాలావరకు ఓర్చుకోవచ్చు. మూర్ఛలున్నవాళ్లకి బ్యుప్రోపియాన్ పనికిరాదు.

కాఫీ గురించి దాదాపు ఎవరూ చెప్పరు. పొగలోని రసాయనాలు కాలేయంలో ఒక ఎంజైమ్‌ని పరుగులు పెట్టిస్తాయి, కెఫీన్‌ని విరిచేది అదే. మానేసిన కొద్దిరోజుల్లో ఆ ఎంజైమ్ నెమ్మదిస్తుంది, అవే నాలుగు కప్పులకి రక్తంలో కెఫీన్ సుమారు రెట్టింపవుతుంది. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం. ఇదంతా సిగరెట్ లేకపోవడం వల్లేనని జనం అనుకుంటారు, సగం పాపం కాఫీది. మానేసిన రోజునుంచే కాఫీ, టీ సగానికి తగ్గించండి, మధ్యాహ్నం దాటాక వద్దు. ఇదే ఎంజైమ్ మీద ఆధారపడ్డ మందులు వాడేవాళ్లు, ముఖ్యంగా క్లోజపిన్, ఒలాంజపిన్, థియోఫిలిన్ వాడేవాళ్లు, మానే తేదీకి ముందే డాక్టర్‌కి చెప్పాలి. వాళ్ల మోతాదు తగ్గించాల్సి రావచ్చు.

ఇన్ని చేసినా యావ వస్తుంది. అది ఎలా ఉంటుందో దగ్గరగా చూడండి. మొదటి నిమిషంలో ఛాతీలో ఒక బిగింపు, నోట్లో నీళ్లు, చేతివేళ్లు ఖాళీగా అనిపించడం. రెండో నిమిషంలో మెదడు వాదన మొదలెడుతుంది: "ఒక్కటేగా, ఇవాళ రోజు బాలేదు, రేపటినుంచి చూద్దాం." మూడు, నాలుగు నిమిషాల దగ్గర అన్నిటికంటే గట్టిగా లాగుతుంది. అక్కడే జనం పడిపోతారు, ఇంకా పెరుగుతూనే ఉంటుందనుకుంటారు కాబట్టి. పెరగదు. అయిదు నుంచి పది నిమిషాల్లో దానంతటదే దిగిపోతుంది, మీరు కాల్చినా కాల్చకపోయినా. ఫోన్లో పది నిమిషాలకి టైమర్ పెట్టండి. ఉన్నచోటునుంచి లేచి వేరే చోటికి పోండి, గది మారినా చాలు. వేగంగా నడిస్తే నడుస్తున్నంతసేపూ, ఆ తర్వాత కాసేపూ యావ తగ్గుతుంది. నడవలేని చోట ముక్కుతో నాలుగు లెక్కపెట్టేదాకా గాలి పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి ఎనిమిది లెక్కపెట్టేదాకా వదలండి, పదిసార్లు. సిగరెట్ ఇచ్చిన హాయిలో కొంత భాగం ఈ ఊపిరిదే, అది ఉచితంగానే దొరుకుతుంది. చల్లటి నీళ్లు గుక్కగుక్కగా తాగండి. చేతికి పెన్నో తాళం చెవో ఇవ్వండి.

మొదటి నెల మద్యం జోలికి పోవద్దు. ఇందులో మొహమాటం పనికిరాదు. తొలి వారాల్లో జారినవాళ్ల కథలు చాలావాటిలో చేతిలో గ్లాసు ఉంటుంది.

దగ్గు పెరిగితే బెదరకండి, ఊపిరితిత్తుల్లో మొద్దుబారిన సన్నని నూగు మళ్లీ కదిలి కఫాన్ని పైకి తోస్తోంది. నెల దాటినా తగ్గకపోతే, రక్తం పడితే మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మలబద్ధకం చాలామందికి వస్తుంది, నీళ్లు, పీచు ఎక్కువున్న తిండి, నడక. బరువు మొదటి ఏడాది సగటున నాలుగైదు కిలోలు పెరుగుతుంది. ఆ భయంతో మానకపోవడం మాత్రం పెద్ద పొరపాటు. అలాగని మొదటి నెలలోనే కడుపు మాడ్చుకోకండి, ఆకలి యావని రెచ్చగొడుతుంది. బరువు సంగతి రెండు మూడు నెలలయ్యాక చూసుకోవచ్చు.

మూడో వారం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అప్పటికి రోజంతా లాగడం పోయి, ధీమా వస్తుంది. సరిగ్గా అప్పుడే గమ్ ఆపేస్తారు, ప్యాచ్ పీకేస్తారు. ఆ తర్వాత పాత స్నేహితుడు కనబడి "ఏరా, ఒక్క దమ్ము" అంటాడు. ఒక్క దమ్ముకి కూడా జవాబు ముందే నోట్లో ఉండాలి: "వద్దురా, నేను తాగను." "మానేస్తున్నాను" అనకండి, అది బతిమాలడానికి సందు ఇస్తుంది. ఒకవేళ జారి ఒకటి కాల్చారే అనుకోండి, మిగిలిన ప్యాకెట్ నీళ్లలో ముంచి పడేయండి. ప్యాచ్ తీయకండి, గమ్ ఆపకండి, కొత్త తేదీ వెతకకండి. ఏ టైముకి, ఎవరితో, దేని తర్వాత జరిగిందో పాత కాగితం మీద రాసి, ఆ క్షణం నుంచే కొనసాగించండి.

ఇంట్లోవాళ్లకి: ఈ మూడు వారాలు ఆయన విసుక్కుంటే, ఆవిడ చిర్రుబుర్రులాడితే మాటకు మాట పెంచకండి. చొక్కా వాసన చూడకండి, జేబులు తడమకండి. "నిజంగా మానేశావా?" అని అడగడం కంటే "ఇందాకటి గమ్ వేసుకుని రెండు గంటలైంది, ఇంకోటి వేసుకున్నావా?" అని అడగండి.