నాక్ సెన్సర్ పీకేయమంటున్న మెసేజ్‌కు జవాబు

నెల రోజులుగా ఒకే వాట్సాప్ మెసేజ్ నాకు పదకొండు సార్లు వచ్చింది. పంపినవాళ్లలో కాజీపేటలో ఉండే నా చిన్ననాటి స్నేహితుడున్నాడు, కరీంనగర్‌లో ట్యాక్సీలు నడిపే బావమరిది ఉన్నాడు, నా దగ్గరే పని నేర్చుకుని వెళ్లి సొంతంగా షెడ్డు పెట్టుకున్న పిల్లవాడు కూడా ఉన్నాడు. ‘మీ మామూలు పెట్రోలు కారుకు 50 వేలలో టర్బో, పవర్ రెట్టింపు’ అని పైన పెద్ద అక్షరాలు, కింద ఏడు పాయింట్లు, చివర ‘పది మందికీ పంపండి’ అన్న విన్నపం. టర్బో అంటే ఇంజిన్ వదిలే పొగ తోపుతో తిరుగుతూ, ఇంజిన్‌లోకి గాలిని నొక్కి పంపే చక్రం. మొదట్లో చూసి వదిలేశాను. పని నేర్చుకున్న పిల్లవాడే దాన్ని నమ్మి పంపాక ఇక ఊరుకోవడం తప్పనిపించింది. హన్మకొండలో పద్దెనిమిదేళ్లుగా ఇంజిన్లు విప్పి బిగిస్తున్నవాణ్ణి. ఆ అనుభవంతోనే ఇది రాస్తున్నాను.

పవర్ రెట్టింపవుతుందన్నది మొదటి పాయింట్. వాళ్లు చెప్పే టర్బో కిట్టు ఇచ్చేది అర బార్ బూస్ట్ (అదనపు ఒత్తిడి) అని మెసేజ్‌లోనే ఉంది. ఒక బార్ అంటే ఇంచుమించు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి. అంటే ఇంజిన్ మామూలుగా పీల్చుకునే దానికి ఒకటిన్నర రెట్ల ఒత్తిడితో గాలి లోపలికి వెళ్తుంది. అయితే గాలిని నొక్కితే వేడెక్కుతుంది. మే నెలలో రామగుండంలో బయటి గాలే 45 డిగ్రీలున్న రోజున, టర్బో నుంచి వెలువడే గాలి 100 డిగ్రీల దగ్గరికి చేరుతుంది. వేడి గాలి పలుచబడుతుంది కాబట్టి సిలిండర్‌లోకి అదనంగా చేరే గాలి 50 శాతం ఉండదు, ఇంచుమించు 28 శాతం ఉంటుంది. ఆ వేడిని తగ్గించే ఇంటర్‌కూలర్ పేరు మెసేజ్ మొత్తంలో ఒక్కచోట కూడా లేదు. ఇక రెట్టింపు ఎక్కడి నుంచి వస్తుంది?

అసలు ప్రమాదమంతా రెండో పాయింట్‌లో ఉంది. దాన్ని ఉన్నదున్నట్టు ఇస్తున్నాను: ‘ఇంజిన్ విప్పనక్కర్లేదు. గాలి ఎక్కువైతే ఈసీయూ తనంతట తానే పెట్రోలు సర్దుకుంటుంది. ఇంజిన్ డల్ అయితే నాక్ సెన్సర్ వైరు పీకి, లైటు రాకుండా ఒక రెసిస్టర్ పెట్టండి.’

ఈసీయూ అంటే ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్. అది సర్దుకోవాలంటే ముందు దానికి సంగతి తెలియాలి. టర్బో లేని కారులో ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని చూసే మ్యాప్ సెన్సర్ వాతావరణ పీడనం వరకు, మహా అయితే దానికి కొంచెం పైవరకు కొలిచేలా తయారవుతుంది. అంతకు మించి ఎంత గాలి తోసినా అది అదే అంకె చూపిస్తూ ఉంటుంది. కాబట్టి ఈసీయూ పాత లెక్క ప్రకారమే పెట్రోలు వదులుతుంది, సిలిండర్‌లో గాలి ఎక్కువై పెట్రోలు తక్కువ పడుతుంది. ఒకవేళ తెలిసిందే అనుకుందాం. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు, కంపెనీ ఇచ్చినవి, పూర్తి ఆర్‌పీఎం దగ్గర అప్పటికే తమ శక్తిలో అధిక భాగం వాడేసి ఉంటాయి. ఇంకా పోయమంటే వాటిలో అంత సత్తువ ఎక్కడుంది? అందుకే ఈ పని తెలిసినవాళ్లు ముందు పెద్ద ఇంజెక్టర్లు, దానికి తగిన పెట్రోలు పంపు, రెండు మూడు బార్ల వరకు చదవగల మ్యాప్ సెన్సర్ పెట్టి, సైలెన్సర్ పైపులో గాలీ పెట్రోలూ ఏ పాళ్లలో కాలుతున్నాయో చెప్పే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ బిగించి, దాని అంకె చూసుకుంటూ ఈసీయూకు కొత్త మ్యాప్ (ఎప్పుడెంత పెట్రోలు పోయాలన్న పట్టిక) రాస్తారు. నిండు బూస్ట్‌లో ఒక పాలు పెట్రోలుకు పదకొండున్నర, పన్నెండు పాళ్ల గాలి దాటకుండా చూసుకుంటారు.

పెట్రోలు సరిపోయినంత మాత్రాన కథ అయిపోదు. ఈనాటి మామూలు 1.2 లీటర్ల పెట్రోలు ఇంజిన్లలో కంప్రెషన్ రేషియో (పిస్టన్ మిశ్రమాన్ని ఎన్నో వంతుకు నొక్కుతుందన్న లెక్క) 11కి 1, కొన్నింటిలో 12కి 1 ఉంటుంది. అలాంటి ఇంజిన్‌లోకి వేడి గాలిని ఇంకా నొక్కి పంపితే, ప్లగ్గు అంటించిన మంట మూలకు చేరకముందే అక్కడి మిశ్రమం తనంతట తాను భగ్గుమంటుంది. మన షెడ్లలో ‘ఇంజిన్ కొడుతోంది’ అనేది, ఇంగ్లీషులో నాకింగ్ అనేది దీన్నే. నాక్ సెన్సర్ అంటే ఆ చప్పుడు వినడానికి బ్లాకుకు బిగించిన చెవి. అది విని చెబితే ఈసీయూ టైమింగ్‌ను, అంటే ప్లగ్గు నిప్పు వేసే క్షణాన్ని, వెనక్కి జరిపి ఇంజిన్‌ను కాపాడుతుంది. ‘డల్’ అయినట్టు అనిపించేది అందుకే. ఆ వైరు పీకేయమనడం, కుక్క మొరుగుతోందని దాని నోరు కట్టి దొంగకు తలుపు తీయమనడమే.

పోయిన వేసవిలో ఈ సలహా పాటించిన ఒక కారును జనగామ దాటాక ఆగిపోయిందని నా షెడ్డుకు లాక్కొచ్చారు. మూడో ప్లగ్గు తీసి వెలుతురుకు పట్టుకుంటే, తెల్లటి పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు, వాటి మధ్య ఆవగింజలో పదో వంతు కూడా లేని మెరిసే గుండ్లు కనిపించాయి. ఆ మెరుపు పిస్టన్‌ది. అల్యూమినియం కరిగి ప్లగ్గుకు అంటుకుంది. హెడ్ దించితే పిస్టన్ అంచు చీడపట్టిన దుంపలా గుంటలు పడి ఉంది, పిస్టన్ చుట్టూ ఒత్తిడి జారిపోకుండా ఆపే రింగుల్లో మొదటిదానికీ రెండోదానికీ మధ్య గట్టు విరిగిపోయింది, ఆ ముక్క బోరులో గీసిన గీతలు గోటికి తగిలాయి. నాక్ సెన్సర్ కనెక్టర్‌లో నల్ల టేపు చుట్టిన రెండు కాళ్ల రెసిస్టర్ ఉంది, సెన్సర్ ఇంకా ఉందని ఈసీయూను నమ్మించడానికి. కొత్తగా ఉద్యోగంలో చేరి అప్పు మీద కారు కొనుక్కున్న ఆ అబ్బాయికి ఇంజిన్ పని 1,10,000 రూపాయలు అయింది. బిల్లు చూసి అతను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఈ పాయింట్ రాసిన మనిషి, ఎవరో నాకు తెలియదు, ఆ మౌనానికి ఏం జవాబు చెబుతాడు?

ఎక్కువ కంప్రెషన్ మీద టర్బో పెట్టడం ఎంత కష్టమో కార్ల కంపెనీలకు మొదటి రోజుల్లోనే అనుభవమైంది. 1962లో అమెరికాలో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, టర్బోతో అమ్మకానికొచ్చిన తొలి కార్లలో ఒకటి. దాని కంప్రెషన్ 10.25కి 1. నాకింగ్ రాకుండా నీళ్లు, మిథనాల్ కలిపిన ద్రవాన్ని వేరే ట్యాంకులో పోసి, బూస్ట్‌లో ఇంజిన్‌లోకి చిమ్మే ఏర్పాటు కంపెనీయే చేయవలసి వచ్చింది. యజమానులు ఆ ద్రవం పోయడం మరిచిపోవడంతో గొడవలు ముదిరి, రెండేళ్లకే ఆ కారు తయారీ ఆగిపోయింది. ఇంజనీర్లను పెట్టుకుని, ప్రత్యేక ట్యాంకు ఇచ్చి అమ్మిన కంపెనీకే అంత కష్టమైతే, రెసిస్టర్‌తో పని జరుగుతుందని ఎలా నమ్ముతున్నారు?

మూడో పాయింట్ 3,500 రూపాయల ఎలక్ట్రిక్ సూపర్‌చార్జర్ గురించి. గాలి పైపులో పెట్టే చిన్న ఫ్యాను అది. 1.2 లీటర్ల ఇంజిన్ 6,000 ఆర్‌పీఎం దగ్గర మింగే గాలిని అర బార్ వరకు నొక్కడానికి ఇంచుమించు 4 కిలోవాట్లు కావాలి. 12 వోల్టుల బ్యాటరీ మీద అది 300 ఆంపియర్లు దాటుతుంది. చిన్న కారు ఆల్టర్నేటర్ వంద కూడా ఇవ్వలేదు. ఆ ఫ్యానుకున్న వైరు సెల్‌ఫోన్ చార్జర్ వైరంత సన్నగా ఉంటుంది. అయితే కరెంటుతో గాలి నొక్కడం అబద్ధం కాదని ఒప్పుకోవాలి: 2016లో ఆడి ఎస్‌క్యూ7 డీజిల్ కారులో నిజంగానే అలాంటి కంప్రెసర్ వచ్చింది. దానికోసం 48 వోల్టుల వ్యవస్థను విడిగా పెట్టారు, అదీ రెండు టర్బోలకు సాయంగానే.

మైలేజీ పెరుగుతుందన్న నాలుగో పాయింట్‌కు రెండు వాక్యాలు చాలు. కంపెనీ టర్బో కార్లలో పెద్ద ఇంజిన్ స్థానంలో చిన్నది పెడతారు కాబట్టి పెట్రోలు మిగులుతుంది. ఉన్న ఇంజిన్‌కే టర్బో తగిలించి, బూస్ట్‌లో అదనంగా పెట్రోలు పోస్తే మైలేజీ తగ్గుతుంది.

‘డీజిల్ బండ్లన్నిటికీ టర్బో ఉంది కదా’ అన్నది ఐదోది. డీజిల్ ఇంజిన్‌లో నొక్కేది గాలిని మాత్రమే, డీజిల్ ఆఖర్న పడుతుంది. కాబట్టి ముందే అంటుకోవడానికి లోపల ఏమీ ఉండదు. ఆ పిస్టన్లూ రాడ్లూ ఆ ఒత్తిడికి తగ్గట్టే తయారైనవి.

ఆర్టీఓకు తెలియదన్నది ఆరోది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి అసలు నమూనాను మార్చవద్దంటోంది, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణ తర్వాత ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ఆర్టీఓకు తెలియకపోయినా, ప్రమాదం జరిగిన రోజు బానెట్ ఎత్తే ఇన్సూరెన్స్ సర్వేయరుకు తెలుస్తుంది.

మామూలు కారుకు టర్బో పెట్టనే కూడదని నేను అనడం లేదు. 0.3 బార్ బూస్ట్‌తో, ఇంటర్‌కూలర్ పెట్టి, సరైన మ్యాప్ రాయించి, ఒక మెట్టు చల్లటి (వేడిని త్వరగా వదిలే) ప్లగ్గులు వేసి, టర్బోకు ఆయిల్ వెళ్లే పైపు, అది ఇంజిన్ అడుగునున్న ఆయిల్ చాంబర్‌లోకి ధారాళంగా దిగే పైపు ఒద్దికగా అమర్చి నేనే ఒక కారు చేశాను. పిస్టన్లు మార్చలేదు, ఇప్పటికీ తిరుగుతోంది. దానికైన ఖర్చు మాత్రం 50 వేలకు మూడు రెట్లు దాటింది. అంతకు మించిన బూస్ట్ కావాలంటే తక్కువ కంప్రెషన్ ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేయాలి. వేడికి రింగుల కొసలు ఒకదానికొకటి తగిలి బిగుసుకుపోకుండా సందు కొంచెం ఎక్కువ ఉంచాలి. క్లచ్చు, బ్రేకులు కూడా మార్చాలి.

ఇక ఏడో పాయింట్: ‘ఏం చేసినా ముందు కంప్రెషన్ టెస్ట్ చేయించండి.’ అంటే సిలిండర్ ఎంత ఒత్తిడి నిలబెడుతోందో గేజీతో కొలవడం. ఇది నూటికి నూరు పాళ్లు నిజం. టర్బో కిట్లు అమ్మే చాలామంది కూడా చేయని పని ఇది. మెసేజ్ పంపిన నా బావమరిది తన సొంత కారుకు టర్బో వేయించాలని వచ్చినప్పుడు నేను చేసింది అదే. మూడు సిలిండర్లలో గేజీ 180 పీఎస్‌ఐ దగ్గర ఆగింది, నాలుగోదాంట్లో 135. ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ తిప్పితే 170కి ఎగబాకింది. ఆయిల్ రింగుల సందును కాసేపు మూసింది. అంటే వాల్వులు బాగానే ఉన్నాయి, రింగులు అరిగిపోయాయి. ‘బావా, ఇప్పుడేం చేద్దాం?’ అన్నాడు. కారు నా షెడ్డులోనే ఉంది, రింగుల సెట్టు రేపు వస్తుంది.