డిప్యుటేషన్ ముగిసినా కదలని వాపు గారికి

మహారాజశ్రీ వాపు (ఇంగ్లీషులో ఇన్‌ఫ్లమేషన్) గారి సముఖానికి, నల్లగొండ నుండి ఒక పౌరుడు సమర్పించుకునే విన్నపం.

కాలిలో తుమ్మముల్లు దిగినప్పుడు తమరు ఎరుపు, వేడి, ఉబ్బు, నొప్పి అనే నలుగురు బంట్రోతులతో విచ్చేసి, పని ముగించుకుని వెళ్ళడం మేమెరిగినదే. ఆ నలుగురినీ రోమన్ రచయిత సెల్సస్ దాదాపు రెండు వేల ఏళ్ళ కిందటే నమోదు చేశాడు. మా అభ్యంతరమల్లా, తాత్కాలిక డ్యూటీ మీద వచ్చి కుర్చీ వదలని తమరి పద్ధతి మీదనే.

మా పెద్దమ్మ కీళ్ళలో తమరు మకాం వేశారు. పొద్దున వేళ్ళు వంగక, చాయ గ్లాసును రెండు అరచేతుల నడుమ ఒత్తిపట్టుకుని తాగుతుంది. అది కనిపించే కష్టం కనుక అందరూ అయ్యో అంటారు. కనిపించనిదేమిటంటే, తమరు ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్ఎఫ్ వంటి సైటోకైన్లనే వార్తాహర ప్రోటీన్ల ద్వారా నెత్తురు గుండా, పొట్ట నుండి మెదడుకు వెళ్ళే వేగస్ నాడి గుండా మెదడుకు తాఖీదులు పంపి, మనసు స్థితిని ప్రభావితం చేసే సెరటోనిన్ తయారీకి కావలసిన ట్రిప్టోఫాన్ అనే ముడిసరుకును కైన్యురెనిన్ అనే వేరే పదార్థం తయారీ వైపు మళ్ళిస్తున్నారు. తంగేడు పూలు ముందు పోసినా ఆమెకు బతుకమ్మ పేర్చబుద్ధి కాదు. పాల లెక్క మధ్యలోనే తప్పిపోతుంది. మనవడు టీవీ సౌండు పెంచితే కసురుకుంటుంది. నింద మాత్రం ఆమెకే. "వదినెకు ఈ నడుమ పొగరెక్కింది" అని మా మేనత్త తీర్పు చెప్పేసింది.

జబ్బుపడిన జంతువు మేత మాని మూలకు చేరడం బలహీనత కాదని, రోగంతో పోరాడేందుకు శక్తిని కూడబెట్టుకునే ఏర్పాటని 1988లో బెంజమిన్ హార్ట్ అనే పశువైద్య శాస్త్రవేత్త వాదించాడు. నాలుగు రోజుల కోసం ఇచ్చిన ఆ అధికారాన్ని తమరు ఏళ్ళ తరబడి చెలాయిస్తున్నారు. సాక్ష్యం లేదనకండి: హెపటైటిస్-సి (కాలేయానికి సోకే వైరస్ జబ్బు) రోగులకు తమరి సైటోకైన్లలో ఒకటైన ఇంటర్‌ఫెరాన్-ఆల్ఫాను మందుగా ఇచ్చిన రోజుల్లో, అంతకుముందు మామూలుగా ఉన్నవారు సైతం ఎందరో కుంగుబాటులో పడ్డారు.

అలాగని ప్రతి దిగులునూ తమరి ఖాతాలో రాయను. మందులకు లొంగని కుంగుబాటు ఉన్న 60 మందితో జరిపి 2013లో ప్రచురించిన పరీక్షలో, టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ మొత్తం మీద ఉత్తుత్తి మందును మించలేదు. నెత్తురులో తమరి ఉనికిని పట్టించే సీఆర్‌పీ అనే ప్రోటీన్ లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటినవారిలో మాత్రం మేలు జరిగే సూచనలు కనిపించాయి. తమరు అడుగుపెట్టని ఇంట్లోనూ దిగులుంటుందన్నమాట.

వచ్చే వారం పెద్దమ్మ రక్తపరీక్షకు వెళ్తోంది. ఈసారి మోకాళ్ళతోపాటు నిద్ర సంగతి, మనసు సంగతి కూడా డాక్టరు గారికి చెప్పమన్నాము. తోడు వెళ్ళేది మేనత్తే. ఛార్జి అప్పగించడానికి కాగితాలు సిద్ధం చేసుకోగలరు.