టీకా వేరు, ఇది వేరు

పందుల జ్వరాలను ఆర్‌ఎన్‌ఏ ఇంటర్‌ఫియరెన్స్ అనే పద్ధతితో అడ్డుకోవడంపై మీరు వేసిన వ్యాసం బాగుంది కానీ, ‘పందులకు ఆర్‌ఎన్‌ఏ టీకా వచ్చేస్తోంది’ అన్న శీర్షిక దగ్గరే చిక్కు. టీకా వేస్తే పంది ఒంట్లో రోగనిరోధక శక్తి పెరుగుతుంది. ఆర్‌ఎన్‌ఏ ఇంటర్‌ఫియరెన్స్ చేసే పని అది కాదు. ఆర్‌ఎన్‌ఏ అంటే జన్యు సమాచారాన్ని అక్షరాల వరుసలా మోసే అణువు. వైరస్ ఆర్‌ఎన్‌ఏకు సరిగ్గా జతపడే 21 అక్షరాల చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కను కణంలోకి పంపుతారు. దాని ఆనవాలు పట్టుకుని కణమే ఆ వైరస్ ఆర్‌ఎన్‌ఏను కత్తిరించేస్తుంది. 1998లో ఫైర్, మెల్లో అనే శాస్త్రవేత్తలు ఓ చిన్న పురుగులో ఆర్‌ఎన్‌ఏ ఇంటర్‌ఫియరెన్స్‌ను చూపించారు, 2006లో వాళ్ళకు నోబెల్ వచ్చింది.

ల్యాబ్‌లో పెంచిన కణాల మీద ఇది భేషుగ్గా పనిచేస్తుంది. తంటా అంతా బతికున్న పందితోనే! ఆ ముక్కలు రక్తంలో ఇట్టే విరిగిపోతాయి. వంద కిలోల జంతువులో సరైన కణాల దాకా వాటిని చేర్చాలి, అదీ మళ్ళీ మళ్ళీ. రైతుకు గిట్టుబాటవుతుందా? అందుకే చైనా శాస్త్రవేత్తలు వేరే దారి పట్టారు. పందుల్ని చంపే క్లాసికల్ స్వైన్ ఫీవర్ అనే జబ్బు వైరస్‌ను (ఇది ఆర్‌ఎన్‌ఏ వైరస్) అడ్డుకునే ముక్కల్ని పంది తనే తయారుచేసుకునేలా, జన్యువుల్ని కత్తిరించి సవరించే క్రిస్పర్ అనే పద్ధతితో దాని జన్యువుల్లో మార్పు చేశారు. 2018లో ఆ ఫలితాలు వచ్చాయి: జబ్బు తీవ్రత, చావులు తగ్గాయి, ఆ పందుల పిల్లలకూ ఆ గుణం దక్కింది. అంటే ఇది మందు కాదు, జన్యుమార్పిడి పంది. పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన బీటీ వంకాయనే 2010లో ఆపేసిన దేశం మనది, ఇక పంది మాంసం సంగతి చెప్పాలా?

ఇంకోటి. 2020లో అస్సాంలో బయటపడింది ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్. పేర్లు దగ్గరగా ఉన్నా అది డీఎన్‌ఏ వైరస్, పూర్తిగా వేరే జాతి. వ్యాసంలో రెండిటినీ కలిపేశారు, కాస్త సరిచేయండి.