చెట్ల ఫోటోకి గ్లాస్ వద్దు
గోడకి పెద్ద చెట్ల ఫోటో పెడితే గది విశాలంగా అనిపిస్తుంది, గ్లాస్ ఫ్రేమ్ అయితే ఇంకా బాగుంటుంది అని ఒకచోట ఎవరో రాశారు, మొదటిది నిజమే గానీ గ్లాస్ సంగతి మాత్రం నేనొప్పుకోను. మాది గుంటూరు, డిసెంబర్‌లో తెనాలి వైపు కాలవ గట్టు మీద పొద్దున్నే మంచులో తీసిన తాటిచెట్ల ఫోటో హాల్లో పెట్టాం, రాత్రయితే ఆ గ్లాస్‌లో ట్యూబ్‌లైటూ, తిరిగే ఫ్యానూ తప్ప చెట్లు కనపడేవి కావు, ఎంత బాధేసిందో. తర్వాత అదే ఫోటో మ్యాట్ కాన్వాస్ (మెరుపు లేని గుడ్డ) మీద 36 బై 24 అంగుళాల్లో వేయించాం, ఇప్పుడు మట్టలు రాలిన చోట మాను మీద పడ్డ చారలు కూడా సోఫాలో కూచుంటే కనపడుతున్నాయి. ఇంకోటి, వాట్సాప్‌లో వచ్చిన ఫోటో ప్రింట్‌కి ఇవ్వకండి, పంపేటప్పుడే అది కుదించుకుపోతుంది, ఆకులన్నీ ముద్దయిపోతాయి, ఈ సైజుకి 150 డీపీఐ (అంటే అంగుళానికి 150 చుక్కలు) అనుకున్నా 5400 బై 3600 పిక్సెల్స్ కావాలి, కెమెరాలోంచి తీసిన ఒరిజినల్ ఫైలే ఇవ్వండి.