క్రికెట్ కబుర్లకు అవతల కూర్చున్నవాళ్లు

ఐపీఎల్ మొదలైందంటే రెండు నెలల పాటు ఆఫీసుల్లో పొద్దున్నే మొదటి మాట రాత్రి మ్యాచ్ గురించే. ఆఖరి ఓవర్ ఎవరికివ్వాల్సింది, ఎవరిని దించాల్సింది... మేనేజర్ దగ్గర్నుంచి నిన్న చేరిన కుర్రాడి దాకా అందరికీ ఓ అభిప్రాయం ఉంటుంది. ఆ పక్కనే టిఫిన్ బాక్సు తెరిచి తలొంచుకుని తినేవాళ్లూ ఉంటారు. ఎక్కువసార్లు వాళ్లు ఆడవాళ్లే.

'ఆసక్తి లేకపోతే ఎవరేం చేస్తారు, రావద్దని ఎవరన్నారు' అంటారు. ఎవరూ అనలేదు, నిజమే. కానీ అవి వట్టి కాలక్షేపం కబుర్లు కావు. బాస్‌తో చనువు అక్కడే పుడుతుంది. కొత్త ప్రాజెక్టు సంగతి మీటింగ్ కంటే ముందు అక్కడే తెలుస్తుంది.

అసలు ఆ ఆసక్తి ఎలా పుడుతుంది? ఇటుకలు పేర్చి వికెట్లు చేసుకుని, చీకటి పడి బంతి కనబడకుండా పోయేదాకా ఆడిన పిల్లాడికి కవర్ డ్రైవ్ అంటే ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు. అదే వీధిలో వాడితో సమానంగా పరుగెత్తిన అమ్మాయిని మాత్రం పెద్దమనిషి కాగానే లోపలికి పిలిచేశాం. 'ఇంకా ఆటలేంటే' అన్నాం. పదిహేనేళ్లు పోయాక ఆమెకు ఆటలంటే ఇంట్రెస్ట్ లేదని మనమే తేల్చేస్తున్నాం. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

పైగా ఆటలంటాం గానీ మాట్లాడేది ఒక్క ఆట గురించి, అదీ మగవాళ్లు ఆడేది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన భారత ఫుట్‌బాల్ జట్టుకు కోచ్ మన హైదరాబాదీ రహీం. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ, 2000లో సిడ్నీ నుంచి వెయిట్‌లిఫ్టింగ్‌లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి, శ్రీకాకుళం జిల్లా ఆడబిడ్డ. నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో, మళ్లీ 2023లో బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్. ఈ పేర్లు తెలియనివాళ్లు లంచ్ టేబుల్ దగ్గర ఏ మాత్రం చిన్నబోరు. నిన్నటి స్కోరు తెలియనామె మాత్రం చిన్నబోవాలి!

ఇప్పుడు మగపిల్లల వంతూ వచ్చింది. అపార్ట్‌మెంట్ లాంటి బిల్డింగుల్లో బడులు, టైమ్‌టేబుల్‌లో ఉన్న ఆటల పీరియడ్‌ను లెక్కల మాస్టారు తీసేసుకోవడం. వీళ్లకు ఆటంటే ఫోన్‌లో చూసేదే. జూన్‌లో అడ్మిషన్‌కు వెళ్లి ఫీజు ఎంత, ర్యాంకులు ఎన్ని అని అడుగుతున్నాం కదా, గ్రౌండ్ ఎక్కడుందో చూపించమని కూడా అడుగుదాం. ఉంటే, తొమ్మిదో తరగతి ఆడపిల్లలు అందులో వారానికి ఎన్ని గంటలు ఆడుతున్నారో చెప్పమందాం.