ఊరికే ఉన్న మెదడును నడిపేదెవరు?

(హన్మకొండ. సైకియాట్రీ పీజీ స్వప్న, రేడియాలజీ చెప్పే సాంబయ్య సార్. ఏ పనీ లేనప్పుడు మెదడు నెట్‌వర్కులను, అంటే కలిసి పనిచేసే భాగాలను, నడిపేది మెదడు కాండంలోని రసాయన కేంద్రాలేనా అన్నది వాదన.)

స్వప్న: అవేనంటాను సార్. శరీరం బరువులో 2 శాతమే ఉన్న మెదడు, ఊరికే పడుకున్నా 20 శాతం దాకా శక్తిని వాడుకుంటుంది. 2001లో అమెరికా శాస్త్రవేత్త రైకిల్ బృందం వివరించిన డిఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ ఎక్కువ చురుగ్గా ఉండేది అప్పుడే. కాండంలోని లోకస్ సెరూలియస్ అనే కేంద్రం నుంచి నోరెడ్రినలిన్, రాఫే కేంద్రాల నుంచి సెరటోనిన్ అనే రసాయనాలు మెదడు పైపొర కార్టెక్స్ అంతటా చేరతాయి. కాకతీయ కాలువ మీద తూము ఎంత ఎత్తితే ఆయకట్టుకు అంతే కదా నీళ్లు!

సాంబయ్య: తూము ఎత్తమని కబురు పంపేదెవరమ్మా? నుదుటి వెనకున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్ నుంచి లోకస్ సెరూలియస్‌కు కూడా దారులున్నాయి. స్కాన్‌లో రెండుచోట్ల సిగ్నల్ కలిసి పెరిగి, కలిసి తగ్గితే సంబంధం ఉందంటాం. ఎవరి మాట ఎవరు వింటున్నారో దాన్నిబట్టి తెలియదు.

స్వప్న: చిట్టెలుకల్లో తేలింది కదా సార్. లోకస్ సెరూలియస్ ఒక్కదాన్నే ప్రేరేపిస్తే నెట్‌వర్కుల అనుసంధానం మారిపోయింది.

సాంబయ్య: అది గట్టి సాక్ష్యమే. నా పేచీ మనుషుల స్కాన్లతో. ఆ కేంద్రం వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు. మెదడు పనితీరు చూపే మామూలు ఎఫ్‌ఎంఆర్‌ఐ స్కాన్‌లో బొమ్మ ఒక్కో గడి రెండు మూడు మిల్లీమీటర్లు. పక్కనే నాలుగో జఠరిక అనే ఖాళీలో ద్రవం, గుండె కొట్టుకున్నప్పుడల్లా కాండం కదలిక. పైగా మనం చూసేది న్యూరాన్లను కాదు, రక్తంలో ఆక్సిజన్ మార్పును. నోరెడ్రినలిన్ రక్తనాళాలనే బిగిస్తుంది. మరి ఆ మార్పు న్యూరాన్లదా, నాళాలదా?

స్వప్న: నాడినీ శ్వాసనూ రికార్డు చేసి ఆ ప్రభావాన్ని తీసేస్తున్నారు సార్. అయస్కాంత బలం ఎక్కువున్న 7 టెస్లా యంత్రాలతో గడులు ఇంకా చిన్నవయ్యాయి.

సాంబయ్య: తగ్గించగలం, పూర్తిగా తీసెయ్యలేం.

స్వప్న: అలాగని వదిలేద్దామా? డిప్రెషన్‌తో ఓపీకి పరకాల నుంచి వచ్చినాయన, “పడుకుంటే చాలు డాక్టరమ్మా, అవే ఆలోచనలు” అంటాడు. ఆయనకు ఏం చెప్పను?

సాంబయ్య: సెరటోనిన్ తగ్గడం వల్లే డిప్రెషన్ వచ్చిందని మాత్రం చెప్పకు. ఆ మాట రుజువు కాలేదు.

స్వప్న: చెప్పను. కానీ డిప్రెషన్ మాత్ర గంటల్లోనే సెరటోనిన్ మీద పనిచేస్తుంది, మనిషి తేరుకోవడానికి వారాలు పడుతుంది. ఆ మధ్యలో నెట్‌వర్కుల్లో జరిగేదేమిటి సార్? నాకు కావాల్సింది అదే.

సాంబయ్య: అలా అడుగు, నేనూ నీ వెంట ఉంటాను. మందుకు ముందొక స్కాన్, వారాల తర్వాత ఇంకొకటి, మందు లేని ఉత్తి మాత్ర వేసుకున్నవాళ్లతో పోలిక. ఒక్క స్కాన్ తెచ్చి తూము దొరికిందంటే మాత్రం సంతకం పెట్టను.