లాగేదా, ఊదేదా?

(సికింద్రాబాద్ సైనిక్‌పురి. ఇంటి ముందు వేపచెట్టు కింద, క్యారవాన్‌గా మార్చిన పాత టెంపో ట్రావెలర్. మూర్తి స్టూలెక్కి పైకప్పు ఫ్యాన్ జాలీ విప్పుతున్నాడు. అనసూయ తలుపు దగ్గర, చేతిలో వోల్టులు కొలిచే మల్టీమీటర్.)

అనసూయ: ఫ్యూజు తీసిండ్రా?

మూర్తి: స్విచ్ ఆపానుగా.

అనసూయ: స్విచ్ ఆపితే స్విచ్ దాకా కరెంటు ఉండనే ఉంటది. 12 వోల్టులు మిమ్మల్నేం చెయ్యయి. స్క్రూడ్రైవర్ రెండు వైర్లకు ఆనిందంటె మాత్రం బ్యాటరీ తన బలమంతా వైరు మీద చూపిస్తది. దిగి, 5 ఆంప్స్‌ది పీకుండ్రి.

మూర్తి: ముప్పై ఏళ్లు బ్యాంకులో లక్షలకి లక్షలు లెక్కపెట్టిన చేతులివి.

అనసూయ: ఆ లక్షలు మనయి కావు. బండి మనది.

మూర్తి: (దిగి, ఫ్యూజు తీసి, మళ్లీ ఎక్కుతూ) మీ నాన్న రాణిగంజ్‌లో మోటార్లు చుట్టాడని నన్నింత చుట్టనక్కర్లేదు.

అనసూయ: మా నాయిన చుట్టిన మోటార్లు ఇంక తిరుగుతున్నయి. మీరేమొ అదే రాణిగంజ్‌కు పోయి వైపర్ మోటార్ తెస్తిరి.

మూర్తి: 12 వోల్టులదే కదా తెచ్చాను!

అనసూయ: హారన్ గూడ 12 వోల్టులదే. బిగించకపోయిండ్రా? వైపర్ మోటార్ల గేర్లుంటయి. నిమిషానికి 45 చుట్లు, జోరు పెంచితె 65. ఈ ఫ్యాన్‌కు వెయ్యికి పైన గావాలె. మీరు బిగించినంక రెక్కలు ఒక్కొక్కటి నాకు నమస్కారం పెట్టుకుంట పోయినయి.

మూర్తి: మార్చుకొచ్చాను కదా, ఇంకా ఎందుకు తవ్వుతావు?

అనసూయ: వోల్టేజీ ఒక్కటి సరిపోతె చాలదు. షాఫ్ట్ మందం, పొడుగు, దాని మీద చెక్కిన చదును, బోల్టుల దూరం, తిరిగే స్పీడు, ఇయన్ని కలవాలె. పాత మోటార్ చేతుల పట్టుకొని పోవాలంటె, ఫోన్ల ఫోటో తీస్కపోయిండ్రు. అది గూడ వెనుక నుంచి.

మూర్తి: అసలా పాతది బాగానే తిరిగేది. కాస్త కీచుమనేది, అంతే.

అనసూయ: కీచుమంటె కొబ్బరినూనె పోసిందెవరు?

మూర్తి: తలకి మంచిదైంది మోటారుకి చెడ్డదవుతుందా?

అనసూయ: మీ తలకేం మంచి చేసిందో కనబడుతనే ఉన్నది. లోపల షాఫ్ట్ తిరిగేది కంచు బుష్షుల. దానికి కంటికి కనబడని రంధ్రాలుంటయి, నూనె అండ్లనే దాచుకుంటది. ఎండినప్పుడు కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు, అంతే. కొబ్బరినూనె చలికి పేరుకుంటది, దుమ్ము పట్టి జిగురైతది. మోటార్ గుంజలేక వేడెక్కుతది. దానికి తోడు లోపలికి కరెంటు అందించే బొగ్గు బ్రష్షులు అరిగినయి. అరిగినంక స్ప్రింగు వాటిని నొక్కలేదు, లోపల నిప్పురవ్వలు లేస్తయి. తడితె తిరిగి, వదిలితె ఆగిందంటె బ్రష్షులయిపోయినయని లెక్క.

మూర్తి: తడితే కదలడం మనిషికైనా ఉన్నదేగా.

అనసూయ: మిమ్మల్ని తట్టి చూసిన. మోటారే నయం.

(మూర్తి జాలీ తీసి పక్కన పెట్టాడు.)

మూర్తి: ఈ కొత్త మోటారు సంగతి మాత్రం నీకు తెలీదు. దీనికి పిచ్చెక్కింది. అటుమొన్న బిగించినప్పుడు గాలిని పైకి లాగింది. మర్నాడు పొద్దున కిందికి ఊదింది. సాయంత్రం మళ్లీ లాగింది. నిన్న ఊదింది. ఇవాళ చూస్తే...

అనసూయ: ఇయ్యాల లాగుతది.

మూర్తి: నీకెలా తెలుసు?

అనసూయ: (మల్టీమీటర్ వైర్లు చిక్కు తీస్తూ) ఊరికె అన్న.

మూర్తి: బ్యాటరీలో ప్లస్సూ మైనస్సూ రాత్రిపూట తారుమారు అవుతున్నాయేమోనని నా అనుమానం.

అనసూయ: అమాస దగ్గరికొచ్చింది గద.

మూర్తి: వేళాకోళం వద్దు. అల్లుడు డాలస్ నుంచి పంపిన ఫ్యాన్ ఇది. అమెరికాలో రాత్రయితే మనకి పగలు. దానికీ దీనికీ ఏదో లంకె ఉండే ఉంటుంది.

అనసూయ: ఫ్యాన్‌కు జెట్‌ల్యాగ్ అంటరు! వాళ్ల క్యారవాన్లల్ల నల్ల వైరు ప్లస్సు, తెల్లది మైనస్సు. మన దగ్గర నల్లది మైనస్సు. ఫ్యాన్ వైర్లు వాళ్ల లెక్క, మీరు తెచ్చిన మోటార్‌కు మన లెక్క. దాని ఎర్రది ఫ్యాన్ నల్లదానికి కలవాలె. నల్లదానికి నల్లది కలిపితె ప్లస్సు మైనస్సు తారుమారైతయి. బ్యాటరీ మీద నడిచే డీసీ మోటార్‌కు ప్లస్సు మైనస్సు మారిస్తె ఉల్టా తిరుగుతది, గంతే.

మూర్తి: అది ఒక్కసారికి సరి. రోజుకో రకంగా ఎందుకు తిరుగుతోంది?

అనసూయ: ముందు ఫ్యూజు పెట్టి నడిపిస్త, ఆగుండ్రి. రెక్క దగ్గర చెయ్యి పెట్టకుండ్రి. (మీటర్ చూస్తూ) బ్యాటరీ దగ్గర 12.6. ఫ్యాన్ దగ్గర 11.2. నడుమ 1.4 వోల్టులు ఎవరో తింటున్నరు.

మూర్తి: నేను కాదు.

అనసూయ: ఫ్యూజు తీసిన. ఆ జాయింటు పట్టుకొని చూడుండ్రి, వెచ్చగున్నదా?

మూర్తి: ఉంది! వేడిగానే ఉంది!

అనసూయ: వైరుకు వైరు మెలిపెట్టి టేపు చుడితె ఇట్లనే అయితది. బండి కదిలినప్పుడల్ల వదులైతది. క్రింప్ చెయ్యాలె, అంటె లోహపు గొట్టం తొడిగి గట్టిగ నొక్కాలె. వైరు 1.5 స్క్వేర్ ఎంఎం వేస్తె దీనికి చాలు. ఆ టేపు ఊడదియ్యుండ్రి.

(మూర్తి టేపు ఊడదీస్తున్నాడు. పైన పసుపు టేపు. దాని కింద నల్లటేపు. దాని కింద మళ్లీ పసుపు. ఉల్లిపాయలా పొరలు.)

మూర్తి: పసుపు టేపు నాదే. నల్లటేపు నేను కొననేలేదే!

అనసూయ: ...

మూర్తి: అనసూయా?

అనసూయ: కోఠిల కొన్న. రెండు రోల్స్.

మూర్తి: అంటే నేను మార్చినప్పుడల్లా...

అనసూయ: మీరు మార్చిండ్రని నాకేం ఎరుక? మోటార్ ఉల్టా అయిందనుకొని నేను సీదా చేసిన!

మూర్తి: నేనూ అదేగా చేసింది! ఆ మోటారు దుకాణంవాడికి ఫోన్ చేసి నానా మాటలూ అన్నాను!

అనసూయ: నేను గూడ అన్న.

(కాసేపు ఇద్దరూ మోటారు వైపు చూశారు.)

మూర్తి: నేను మార్చింది మూడుసార్లు. నువ్వు?

అనసూయ: రెండు. మొత్తం అయిదు, బేసి. అంటె ఇప్పుడు ఊదుతది.

మూర్తి: పసుపు పొరలు రెండే ఉన్నాయి. ఒకసారి నీ నల్లటేపే వాడాను, డబ్బాలో ఉంటే.

అనసూయ: నా టేపుతోని నా మీదనే యుద్ధమా! అసలు మీకెందుకు ఊదాలె? ఊదినప్పుడల్ల కప్పు మీది వేపాకు పప్పుల పడుతున్నది.

మూర్తి: పడితే పడనీ. స్టవ్ దగ్గర నుంచుని చెమటలు కారిపోతున్నావని... గాలి నీ మీదికి రావాలని.

అనసూయ: (కొంచెం ఆగి) ఆ రెక్కల వంపే లాగేటందుకు చేసింది. ఉల్టా తిప్పితె గాలి సగం గూడ రాదు. చెమటలు ఆరవు. స్టూల్ దిగుండ్రి, మోకాలు పట్టుకుంటది.

మూర్తి: నువ్వెందుకు లాగించావు మరి?

అనసూయ: పోపు పెట్టినప్పుడల్ల మీరు దగ్గుతరు. నాకు సీరియల్ వినబడదు.

మూర్తి: బండిలో టీవీ లేదు కదే!

అనసూయ: ఫోన్ల చూస్త. ఆ టిష్యూ ఇటియ్యుండ్రి. జాలీ దగ్గర పెడితె అంటుకుంటె లాగుతున్నట్టు, మొహాన పడితె ఊదుతున్నట్టు. రోజు ఇది చూస్తె సరిపోయేది. లాగేటప్పుడు దూరమున్న కిటికీ నాలుగు వేళ్లంత తెరవాలె. అన్ని మూసి కూసుంటె ఏ గాలినని లాగుతది?

మూర్తి: రెండూ కావాలంటే?

అనసూయ: గుజరాతీ గల్లీల డీపీడీటీ స్విచ్ దొరుకుతది, ప్లస్సు మైనస్సు అటుఇటు మార్చేది. ఆరు కాళ్లుంటయి. నడుమ రెండిటికి మోటార్, ఒక పక్క రెండిటికి ప్లస్సు మైనస్సు. అక్కడి నుంచి అవతలి రెండిటికి అడ్డదిడ్డంగ వైరు తునకలు. నడుమ ఆగేది తేవాలె, లేకుంటె తిరుగుతున్న మోటార్‌ను గభాల్న ఉల్టా కొడుతరు మీరు. 250 వోల్టులని రాసున్నది చూసి మురవకుండ్రి. అది ఇంట్లకొచ్చే ఏసీ కరెంటు లెక్క. డీసీకి ఎన్ని ఆంప్స్ అని అడగుండ్రి, 5కు తక్కువ ఒద్దు.

మూర్తి: బ్రష్షులు లేని మోటారుకైనా ఇదేనా?

అనసూయ: అరె, మంచి ప్రశ్న అడిగిండ్రు! దాని లోపల సర్క్యూట్ ఉంటది, ఉల్టా ఇస్తె కాలిపోవచ్చు. మీది బ్రష్షులదే గనక, మనిద్దరి చేతులల్ల బతికింది.

మూర్తి: సరే, కాగితం మీద రాసుకుంటా. పైకి నొక్కితే లాగుతుంది, కిందికి నొక్కితే ఊదుతుంది.

అనసూయ: ఇంట్ల అన్ని స్విచ్‌లు కిందికి నొక్కితెనే ఆన్. ఎక్కువ వాడేది లాగుడు. కిందికే ఉండాలె.

మూర్తి: గాలి పైకి పోతుంటే కిందికి నొక్కడమేమిటి, వింత కాకపోతే!

అనసూయ: లిఫ్టుల గూడ ఇట్లనే కొట్లాడుతరు మీరు. ఒద్దు, నేనే అడ్డం బిగిస్త.

మూర్తి: మంచిది. (రాసుకుంటూ) అడ్డంగా అయితే... లాగేది కుడికా, ఎడమకా?